వదులు జడ

ముప్పై నిండకుండానే కీళ్ళవాతం వచ్చిందంటే ఎవరూ నమ్మరు. నేనే నమ్మలేదు. డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి, "ఇది ముసలివాళ్ళకొచ్చే నొప్పి కాదమ్మా. ఒళ్ళే తన కీళ్ళ మీద పగబట్టే జబ్బు. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకుంటూ బతకాలి" అన్నప్పుడు నాకు ఆయన మీదే కోపమొచ్చింది. నేను సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్ని. వేళ్ళు లేకపోతే నాకింకేముంది?

తొంభైల మొదట్లో మాట. హైదరాబాద్‌లో సినిమా పనివాళ్ళుండే కృష్ణానగర్‌లో ఒక గదిలో ఉండేదాన్ని. పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉండేవి. పేస్టు మూత తిరిగేది కాదు, జాకెట్టు హుక్కు పడేది కాదు. ఇంటి ఓనరమ్మ వేణ్ణీళ్ళ గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "గింత చిన్న వయసుల గీ నొప్పులేందమ్మా? జర ఆ సిన్మా పని బంద్ పెట్టరాదు" అనేది. మంచి మనిషే. పని మానేస్తే ఏం తినాలో మాత్రం చెప్పేది కాదు.

విచిత్రమేమిటంటే పదింటికల్లా అవే వేళ్ళు దారికొచ్చేవి. కానీ కంపెనీ కారు వచ్చేది తెల్లారగానే. హీరోయిన్‌కి ముందు జుట్టు, తర్వాత మేకప్. అందుకే జబ్బు సంగతి ఫీల్డులో ఎవరికీ చెప్పలేదు. మా సందుల్లో ఒకరికి చెబితే ఊరందరికీ చెప్పినట్టే. "ఆవిడకి చేతులు పడిపోయాయట" అన్న మాట పుట్టిందా, ఆ కారు ఇంకొకరి గుమ్మం ముందు ఆగుతుంది.

అప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. హీరోయిన్ బెజవాడ పిల్ల, అది ఆమె రెండో సినిమా. సవరం పెట్టి పొడుగు జడ వెయ్యాలి. ఒకనాడు నా వేళ్ళు బొత్తిగా మాట వినలేదు. పళ్ళ బిగువున ఎలాగో అల్లాను గానీ జడ వదులైంది. షాట్లు తీసేశారు, ఎవరూ ఏమీ అనలేదు. బతుకుజీవుడా అనుకున్నాను.

మర్నాడు కొత్త మాత్ర పనిచేసిందో ఏమో, చేతులు తేలిగ్గా ఉన్నాయి. కసితీరా బిగుతుగా జడేశాను. అసిస్టెంట్ డైరెక్టరు నిన్నటి ఫోటో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"కంటిన్యుటీ పోయిందండీ! ఇదే సీన్లో నిన్న జడ వదులుగా ఉంది."

సగం సీను వదులు జడతో అయిపోయింది, మిగతా సగమూ అలాగే ఉండాలి. బాగున్న చేతులతో, బాగాలేని చేతులు వేసిన జడ వెయ్యడం ఎంత అవమానమో చెప్పలేను. విప్పి మళ్ళీ అల్లుతూ అద్దంలోకి చూస్తే, ఆ పిల్ల వాచిన నా మణికట్టునే చూస్తోంది.

"నిన్న నొప్పా అక్కా?" అంది నెమ్మదిగా.

"ఏం లేదు, కదలకు" అని కసిరాను.

ఆ మర్నాటి నుంచి "ముందు మేకప్ కానివ్వండి, జుట్టు తర్వాత" అని పట్టుబట్టింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నా వేళ్ళకి కాస్త వ్యవధి దొరికింది. కానీ జుట్టయ్యాక మళ్ళీ మొహం సర్దాల్సి వచ్చి షాటు ఆలస్యమయ్యేది. జాలి చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఆ వ్యవధిని వాడుకున్నాను.

కొన్నాళ్ళకి ఒకపూట నేను జడ అల్లుతుండగానే ప్రొడక్షన్ మేనేజరు వచ్చి యూనిట్ అందరి ముందూ అనేశాడు. "రెండో సినిమాకే ఇన్ని వేషాలా? పొగరు తలకెక్కింది."

ఆ పిల్ల తల దించుకుంది. "సారీ అండీ, పొద్దున్నే నాకు తలనొప్పిగా ఉంటోంది" అంది.

కొత్త పిల్లకి పొగరన్న పేరొస్తే ఇక్కడ జన్మలో వదలదు. అది నా మూలంగా రాబోతోంది.

"ఆ అమ్మాయికి ఏ నొప్పీ లేదండీ. జబ్బు నాది, కీళ్ళవాతం. పొద్దున్నే నాకు వేళ్ళు ముడుచుకోవు" అన్నాను. చేతులు రెండూ ఆయన ముందు చాపాను.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా" అన్నాడు మేనేజరు. ముందే చెబితే ఏం జరిగేదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ కంపెనీ వాళ్ళు తర్వాతి సినిమాకి నన్ను పిలవలేదు.

అది తర్వాతి సంగతి. ఆ పూట మాత్రం వెళ్ళి సగంలో ఆపిన జడ మళ్ళీ అందుకున్నాను. చూపుడువేలు కలుక్కుమంది. "అబ్బా!" అన్నాను, గది అంతా వినపడేలా. జబ్బొచ్చాక నలుగురిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో!