మొలతాడు మీద బేరం

మా పుట్టింట్ల బట్టల దుకాణం. గజంబద్దను వేలెడంత జరిపి కొలిచే చేతుల నడుమ పెరిగినదాన్ని. ఎవరు ఏడ ఎంత మింగుతరో చూపుతోనే చెప్పేదాన్ని. అంత తెలివిగల్లదాన్ని నా నడుము కొలిచేకాడ మోసపోయిన. మోసం చేసింది కూడ నేనే.

పందొమ్మిదివందల యాభైలల్ల సంగారెడ్డి దవాఖానకు పట్నం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. వెన్నుల సూది వేసి కాన్పు నొప్పి తెల్వకుంట చేస్తదని పేరు. నొప్పులు మొదలైన రెండో దినం, ఇగ నావల్ల కాదని ఆ సూది నేనే అడిగిన.

ఆమె నన్ను పక్కకు ఒత్తిగిలపెట్టి, "మొలతాడు తియ్యాలె. తుంటి ఎముకలు పట్టి చూసి గీత గీస్తేనే సూది ఏడ దించాల్నో తెలుస్తది" అన్నది.

మా అత్త తాడు మీద చెయ్యేసింది. దానికి ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి కాడ కట్టిచ్చిన తాయెత్తు ఉన్నది. "కాన్పయ్యేదాక తియ్యొద్దు. నీ సూది కంటే ముందటిది మా అమ్మవారు."

నొప్పికి నొప్పికి నడుమ జెర ఊపిరి దొరికింది. ఊరుకుంటనా? "డాక్టరమ్మా, నీ మాట వద్దు, మా అత్త మాట వద్దు. తాడు తుంటి మీదనే ఉన్నది గద. అదే నీ గీత అనుకో."

అంత చదువుకున్న మనిషి ఒప్పుకున్నది. మా దుకాణంల రవికెగుడ్డకు వచ్చిన పిల్ల గూడ ఇంతకంటే ఎక్కువసేపు నిలబడి కొట్లాడేది.

సూది దిగింది. కొద్దిసేపటికి ఎడమపక్క మొద్దుబారింది. కుడిపక్క నొప్పి ఎప్పటిలెక్కనే. అరగజం చింపి గజమని చేతుల పెట్టినట్టు.

"కొందరి ఒళ్లు అంతే" అన్నది డాక్టరమ్మ. సరుకు చెడిపోతే తప్పు కొన్నోళ్ల మీదికి తోసుడు. ఆ విద్య నేను తల్లిపాలతోనే తాగిన.

అప్పటిదాక మూలకు నిలబడ్డ ముసలి నర్సమ్మ వచ్చి తాడు పట్టి చూసింది. "తాయెత్తు బరువుకు ఇది ఒకదిక్కు జారింది. దీన్ని చూసి గుచ్చిన్రా?"

"తాడు కొయ్యి" అన్న నేను.

"పాపం తగుల్తదే" అన్నది అత్త.

"తగిలితే నాకే తగుల్తది అత్తా, గీ నొప్పి తగిలినట్టు."

నర్సమ్మ కత్తెర ఆడించింది. తుంటి ఎముకలు బొటనవేళ్లతో ఒత్తిపట్టి గోరుతో అడ్డంగ గీత పెట్టింది. డాక్టరమ్మ ఈసారి వెన్నుపూసలు ఒక్కొక్కటే తడిమి, నట్టనడుమ సూది దించింది. కుడిపక్క గూడ చల్లారింది. పొద్దుమూకకముందే బిడ్డ పుట్టింది.

అత్త తెగిన తాడు కండ్లకద్దుకొని, అమ్మవారు నొప్పి లేకుంట దాటిచ్చిందని వార్డంత చెప్పింది. డాక్టరమ్మ తన సూది గొప్ప చెప్పుకున్నది. నర్సమ్మ మాట ఎవ్వరు ఎత్తలే. నేను గూడ ఎత్తలే. ఆమె అడగలే మరి; అడగనోళ్లకు ఇచ్చే అలవాటు మా ఇంటావంటా లేదు.