కింది గీతలు పెట్టిన మా సార్

మా సార్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున వచ్చింది. షాపులో ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ మెషిన్‌లోకి సగం పోయి ఉంది. ఫోన్‌లో సార్ పేరే కనబడింది కాబట్టి నవ్వుతూ ఎత్తాను. "ఏం సార్, బస్సు దొరకలేదా?" అని కూడా అన్నాను. అవతల ఉన్నది ఆయన భార్య. "మీ సారు లేడు మ్మా. పొద్దున లేసి నీళ్లు తాగి కూసున్నోడు, కూసున్నట్టే పోయినాడు" అన్నారు. కార్డు మెషిన్ అవతలి వైపు నుంచి వచ్చి కింద పడింది. దాని తాలూకు మనిషి వంగి తీసుకుని, నా ముఖం చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

ఆయన నాకు ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక యాడికిలో ఉండేవారు. నాకు గుత్తి బస్టాండు దగ్గర చిన్న డీటీపీ షాపు ఉంది. వారానికి రెండు రోజులు పది గంటల బస్సుకు దిగేవారు. ఎండకు తలమీద తడి టవల్, భుజాన గుడ్డసంచి. సంచిలో పాత క్వశ్చన్ పేపర్లు. వాటి వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, అక్కడ రాసుకునేవారు. టీ తెప్పిస్తే సగమే తాగేవారు. మిగతా సగం ఎందుకు వదిలేస్తారని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఇలాంటివన్నీ అడగాలనిపిస్తోంది.

సార్ చేసే పని మా వైపు చాలామందికి పిచ్చిపనిగా కనిపించేది. బెళుగుప్ప నుంచి తాడిపత్రి దాకా ఊళ్లు పట్టుకుని తిరిగేవారు. వానలు లేని ఏళ్లు చూసిన ముసలివాళ్ల దగ్గర కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని మాట్లాడించి రికార్డు చేసేవారు. ఏ బావి ఎప్పుడు ఎండింది, విత్తనం ఎలా దాచుకున్నారు, గొర్రెల్ని ఎంతదూరం తోలుకుపోయారు, అన్నీ అడిగేవారు. తర్వాత మా షాపులో వెబ్‌సైట్‌లో మనిషికొక పేజీ పెట్టించేవారు. పేజీ పైన గొంతు వినడానికి లింకు, కింద ఆ మాటలు పొల్లుపోకుండా అచ్చులో. మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి ఊరుకుంటే, అక్కడ వరుసగా కింది గీతలు పెట్టేవారు. అదే, కీబోర్డులో అండర్‌స్కోర్ అంటామే, అది. కొంచెం సేపు ఊరుకుంటే రెండు మూడు, చాలాసేపు ఊరుకుంటే ఇంకా ఎక్కువ.

"సార్, ఇది చూసి జనం ఖాళీలు పూరించమన్నారనుకుంటారు" అని ఏడిపించాను ఒకసారి.

"పూరించకూడదనే పెట్టినా పాపా" అన్నారు. "మాటలు ఎవురైనా రాస్తారు. మనిషి ఊరుకున్నది రాసేవాడు గావాల."

అప్పుడు నాకది లెక్కల మేష్టారి చాదస్తంలా అనిపించింది. మా షాపులో నేనేమో తెలివైనదాన్ని, ఆయనేమో పెద్దాయన.

తర్వాత ఒక గొడవ వచ్చింది. సైట్ ఉన్న పాతచోటు మూతపడి, ఫైళ్లన్నీ కొత్తచోటికి మారాయి. అక్కడెవరో పుణ్యాత్ముడు ఆ ఫైళ్ల పేర్లలో కింది గీత ఉన్నచోటల్లా, ఒకటున్నా రెండున్నా, ఒకే అడ్డగీత, అంటే హైఫన్, పెట్టేశాడు. మా పేజీల్లో ఉన్న లింకులు పాత పేర్లనే పిలుస్తున్నాయి. పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఏ లింకు నొక్కినా పేజీ దొరకలేదనే వచ్చేది. సార్ అప్పుడే కంటి ఆపరేషన్‌కు పోయి ఉన్నారు.

ఆ వారంలోనే బెళుగుప్ప దిక్కు నుంచి ఒక ముసలామె వచ్చింది. ఆమె భర్త గొర్రెల కాపరి. సార్ రికార్డు చేసిన మరుసటి ఏడాదే చనిపోయాడు. ఏడాదికొకసారి వచ్చి, షాపులో బల్లమీద కూర్చుని, ఆయన గొంతు విని పోయేది. నేను లింకు నొక్కాను, రాలేదు. మళ్లీ నొక్కాను. ఆమె స్క్రీన్ వంకే చూస్తూ కూర్చుంది.

"పోయినోళ్ల మాట గూడా పోతాదా మ్మా?" అని అడిగింది.

ఆమెను వచ్చే వారం రమ్మని పంపించి పనికి కూర్చున్నాను.

పేజీలు వందల్లో ఉన్నాయి. ఒక్కొక్కటి తెరిచి చేత్తో మారిస్తే తెమిలే పని కాదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒక పద్ధతి ఉంది. ఫలానా అక్షరాన్ని అని కాకుండా, అక్షరాలు ఎలా వరుసకట్టి ఉంటే వాటిని వెతకాలో కంప్యూటర్‌కు గుర్తుల్లో చెప్పడం. సార్ దాన్ని పుస్తకం తెచ్చుకుని పట్టుగా నేర్చుకుంటున్నారు. నేను పక్కనుంచి విని సగం నేర్చుకున్నాను. కొన్ని ఫైళ్ల పేర్లలో రెండేసి గీతలున్నాయి కాబట్టి, నా తెలివినంతా ఉపయోగించి కింది గీత పక్కన ప్లస్ గుర్తు పెట్టాను. ఒక్కటున్నా, పది వరుసగా ఉన్నా, మొత్తం తీసేసి ఒకే ఒక అడ్డగీత పెట్టమని దాని అర్థం. పేజీలన్నిటి మీద ఒక్కసారే నడిపించాను. ఒక్క క్షణంలో అయిపోయింది. పాతవాటి మీదే కొత్తవి ఎక్కించేశాను. కాపీ తీసి పెట్టుకోలేదు.

లింకులు తెరుచుకున్నాయి. ముసలామె వచ్చి భర్త గొంతు విన్నది. వింటున్నంతసేపూ స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి పెట్టుకుంది. నాకు గర్వంగా కూడా అనిపించింది, చెప్పడానికి సిగ్గు ఎందుకు.

సార్ కంటి మీద ఆకుపచ్చ గుడ్డతో వచ్చారు. ఒక పేజీ తెరిచి, రెండో కంటితో చదువుతూ కిందికి పోయారు. మళ్లీ పైకి వచ్చారు. ఇంకొకటి తెరిచారు. అప్పుడు నాకు అర్థమైంది. లింకుల్లో ఉన్న గీతలతో పాటు, ముసలివాళ్లు ఊరుకున్నచోట ఆయన పెట్టిన గీతలన్నీ పోయాయి. మూడున్నచోటా ఒకటే అడ్డగీత, ఇరవై ఉన్నచోటా ఒకటే. వెనక్కి మార్చడానికి ఏది ఎన్నో తెలిసే దారి లేదు. పాత కాపీ ఉందా అని అడిగారు. లేదన్నాను.

"లింకు లోపల మార్చాల్సింది ఊరంతా మార్చినావు గదా పాపా" అన్నారు. అంతే. ఆ రోజు టీ మొత్తం తాగేశారు.

తర్వాత క్వశ్చన్ పేపర్ ఒకటి తీసి, వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో ఆ గుర్తులు రాశారు. రాసి తెలుగులో చదివి వినిపించారు. ఆయన ఏ గుర్తులనైనా అలాగే చదివేవారు, కథ చెప్పినట్టు. "కోట్ గుర్తు కాడ మొదలు. కోట్ గాని అచ్చరం ఏదైనా, ఎన్నైనా. మళ్లీ కోట్ వస్తానే నిలుచుకో." పెన్సిల్ కొనతో ఆ రెండు కోట్ల మధ్య, లింకు ఉండే చోటు చూపించారు. "ముందు లింకు యాడ మొదలయితాదో, యాడ అయిపోతాదో పట్టుకో. ఆ నడుమ ఉండేదాన్నే ముట్టు. బయట ఉండేది మనది గాదు." ముందు ఒక్క లైను మీద చూడాలి, తర్వాత పది మీద, కాపీ తీసి పక్కన పెట్టి ఆ తర్వాతే అన్నిటి మీద. నలభై దాటిన నన్ను మళ్లీ పదో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టారు. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడితే అక్కడికి తీరిపోయేది.

ఇప్పుడు కోట్ గుర్తు కొట్టినప్పుడల్లా నిలుచుకో అని నా వెనక నుంచి వినబడుతుంది. తిరిగి చూస్తాను. జిరాక్స్ మెషిన్ ఉంటుంది.

ఆ రోజు నుంచి సార్ అన్ని రికార్డులూ మళ్లీ మొదటి నుంచి వినడం మొదలుపెట్టారు. చెవిలో ఇయర్‌ఫోన్, బల్లమీద పేపర్. ఎక్కడ మనిషి ఊరుకున్నాడో అక్కడ ఆగి గీతలు పెట్టుకునేవారు. వచ్చినప్పుడు నాకు ఇస్తే నేను పేజీల్లో ఎక్కించేదాన్ని. ఏడాది పైన పట్టింది. అందులో సగం మంది అప్పటికే పోయినవాళ్లు. "మీ సారు దయ్యాల్తో మాట్లాడ్తాండాడు మ్మా" అని ఆయన భార్య ఫోన్‌లో నవ్వేవారు.

మొన్న ఉగాది దాటాక ఒకరోజు వచ్చి, అన్నీ అయిపోయినాయి పాపా అన్నారు. ఒక్కటి మిగిలింది, అది మీ నాయనది అన్నారు.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. మాది బెళుగుప్ప దగ్గర పల్లె, ఐదెకరాల చెనక్కాయ చేను. నేను అనంతపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా నాయన హాస్టల్‌కు వచ్చి, నా పెట్టె బస్సు మీదికి ఎక్కించి ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆ ఏడు చేను ఎండింది, బోరు ఎండింది. అది నాకూ తెలుసు. కానీ దారి పొడుగునా ఒక్కమాట మాట్లాడలేదు. తర్వాత కూడా ఎన్నడూ ఎత్తలేదు, చనిపోయేదాకా. నేనూ అడగలేదు, కోపంతో. చనిపోవడానికి ముందు ఏడు సార్ ఆయన్ని రికార్డు చేసి, ఆ పేజీ ఇంట్లోనే తన చేత్తోనే టైపు చేసి పెట్టారు. అందులో అన్నిటికన్నా చివరి ప్రశ్న నా గురించే. నేను దాన్ని మొదటిసారి చదివింది పేజీలన్నీ మార్చేసిన తర్వాత.

పాపను కాలేజీ మాన్పించినప్పుడు నీకేమనిపించింది?
- వాన రాలేదు సార్.

మేక తప్పిపోయిందని చెప్పినట్టు ఉంది. అడగ్గానే ఠక్కున చెప్పేశాడు అనుకున్నాను. పేజీ మూసేశాను. ఆ అడ్డగీత నేను పెట్టిందేనని, దాని కింద ఏదో పోయిందని నాకు తట్టలేదు. చూడకూడదనుకున్నది మనిషి కంటికి ఆనదు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవడం తేలిక కూడా, ఎదురు చెప్పరు.

"అది నేను ముట్టను. నువ్వే ఇని గీతలు పెట్టు" అన్నారు సార్.

తర్వాత చూద్దాం సార్, అందులో ఏముంది, ఉన్నవే మూడు మాటలు అన్నాను.

ఆయన అద్దాల మీదుగా చూశారు. "మాటలు మూడే. నువ్వు ఇనలేదు" అన్నారు.

ఆ తర్వాత రెండుసార్లు అడిగారు. పని ఉందన్నాను. పరీక్షల హాల్‌టికెట్లన్నాను. మూడోసారి వచ్చినప్పుడు అడగలేదు. టీ సగం తాగి, టవల్ తడుపుకుని తలమీద వేసుకుని, పోయొస్తా పాపా అని వెళ్లిపోయారు. అడగడం మానేసిన ఆ రోజు నన్ను వదలడం లేదు.

యాడికిలో ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. చెవుల్లో దూది పెట్టి ఉంది. ఆ చెవులు చూసి ఏడ్చాను. ఆయన భార్య నా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. "మొన్న గూడా అన్యాడు మ్మా, ఆ పాప ఇంకా ఇన్లేదు అని" అన్నారు. నిష్ఠూరమేమీ లేదు ఆమె గొంతులో. అదే భరించలేకపోయాను.

పదకొండో రోజు అయ్యాక వచ్చిన ఆదివారం, మధ్యాహ్నం, షట్టర్ సగం దించి కూర్చున్నాను. బయట ఎండకు బస్టాండు కూడా ఖాళీగా ఉంది. మా నాయన పేజీ తెరిచి లింకు నొక్కాను. గాలి చప్పుడు వచ్చింది. మా మేకల గంటలు వినబడ్డాయి. చేను గురించి, బోరు గురించి మా నాయన గడగడా చెప్పుకుపోయాడు. తర్వాత సార్ గొంతు, నన్ను కాలేజీ మాన్పించినప్పుడు ఏమనిపించిందని అడిగింది.

ఆ తర్వాత ఏమీ లేదు.

ఫైలు ఆగిపోయిందనుకున్నాను. స్క్రీన్ మీద సెకన్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి. గాలి ఉంది. మా నాయన లేడు. ఇయర్‌ఫోన్ గట్టిగా నొక్కుకున్నాను. అప్పుడు, చాలా దగ్గరగా, ఊపిరి వినిపించింది. మా నాయనది కాదు. ఫోన్ సార్ చేతిలో, ఛాతీ దగ్గర ఉందేమో, అది సార్ ఊపిరి. లోపలికి, బయటికి. చితికి నిప్పు పెట్టగా నేను చూసి వచ్చిన మనిషి నా చెవిలో ఊపిరి పీలుస్తున్నాడు. భయం వేసింది. ఇయర్‌ఫోన్ లాగేసి షట్టర్ కింద నుంచి రోడ్డు మీదికి చూశాను. ఆటో ఒకటి పోయింది. వెనక్కి వచ్చి మళ్లీ పెట్టుకుని, ఆ ప్రశ్న దగ్గర నుంచి నడిపించాను.

ఎన్ని గీతలు పెట్టాలో సార్ నాకెప్పుడూ చెప్పలేదు. నాకు వినబడుతున్నది ఒక్కటే కాబట్టి దాన్నే లెక్కపెట్టాను. ఒక ఊపిరికి ఒక గీత. ఐదు దగ్గర చెప్పు నేలకు రాసుకున్న చప్పుడు. తొమ్మిది దగ్గర మా నాయన గొంతు సవరించుకున్నాడు, మాట రాలేదు. సార్ అందించలేదు, ఇంకో ప్రశ్న వేసి తప్పించనూ లేదు. పన్నెండు దగ్గర మా నాయన ముక్కు చీదాడు. ఆయన ఏడవగా నేనెన్నడూ చూడలేదు. పదిహేడు.

అడ్డగీత తీసేసి ఒక్కొక్కటిగా కొట్టాను.

_________________ వాన రాలేదు సార్.

రికార్డు ఇంకా నడుస్తోంది. ఆ మాట తర్వాత సార్ ఏమీ అడగలేదు. ఫోన్ అలాగే పట్టుకుని మా నాయన ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఊపిరి వినబడుతూనే ఉంది. నేను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.