జ్వరమని చెప్పుకున్న జబ్బు

కడుపుతో ఐదో నెలలో ఒక ఉదయం బట్టలు ఆరేయడానికి మేడమెట్లు ఎక్కుతుంటే సగంలోనే ఊపిరి అందలేదు. బకెట్ పక్కన పెట్టి కూర్చుండిపోయాను.

"కడుపుతో ఉన్నోళ్లకి ఆయాసం రాదేటే? నాను ఇద్దర్ని కన్నాను," అంది అత్త.

నేనూ నవ్వేశాను. కానీ వారం తిరిగేసరికి వెల్లకిలా పడుకుంటే దగ్గు, లేచి కూర్చుంటేనే నయం. అత్తా, మా అమ్మా కలిసి ఆస్పత్రికి తీసుకెళ్లారు.

గుండెకి ఎకో స్కాన్ తీసి చూశాక డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "హార్ట్ పంపింగ్ బాగా తగ్గిందమ్మా. చిన్నప్పుడు ఏదైనా పెద్ద జబ్బు చేసిందా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ, "జొరం తప్ప ఏటీ లేదమ్మా," అనేసింది.

ఆ జ్వరం ల్యుకేమియా. నాకు ఏడేళ్లప్పుడు వచ్చింది. కీమో ఇచ్చినన్నాళ్లూ ఇన్ఫెక్షన్ భయంతో బడికి పంపలేదు. చేపలమ్ముకొచ్చి, చేతులు కడుక్కుని అమ్మే నాకు చదువు చెప్పింది. జబ్బు తగ్గాక సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది, దాని పేరు ఇంట్లో ఎత్తనని. పేరెత్తితే పిలిచినట్టేనని అమ్మ భయం. పెళ్లివారికీ జ్వరమనే చెప్పింది.

డాక్టరమ్మ నన్నే చూస్తోంది. "కారణం తెలియాలి. మీకూ, బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం."

అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇటుపక్క అత్త. స్వామీ, మొక్కు అమ్మది, తప్పు నామీద వెయ్యి అనుకుని, "ల్యుకేమియా వచ్చిందండీ," అన్నాను.

"కీమోలో ఎర్ర మందు ఎక్కించారా?" అంది డాక్టరమ్మ.

"ఎక్కించారండీ. ఆ రోజుల్లో ఒంటేలు కూడా ఎర్రగా వచ్చేది."

"ప్రాణం కాపాడేది ఆ మందే. కొందరికి ఏళ్ల తర్వాత గుండెని బలహీనం చేస్తుంది. మధ్యమధ్య ఎకో తీయించుకోవాల్సింది."

అత్త లేచి నిలబడింది. "ఏటి వదినా, ఇంత మాట దాసేత్తారా?"

అత్త డాక్టరమ్మ వైపు తిరిగింది. "మా తగువు తరవాత సూసుకుంటాం. ముందు నా కోడలు దక్కాల."

గుండెకి పనికొచ్చే మందుల్లో కొన్ని కడుపుతో ఉండగా ఇవ్వకూడదట. ఇవ్వగలిగినవి ఇచ్చారు. ఉప్పు తగ్గించాను. అయినా ఏడో నెలలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పడ్డాను. ఎనిమిదో నెల రాగానే ఆపరేషన్ చేసి పాపని తీశారు. పిడికెడు పిల్ల. ఏడ్చేదాకా నా ప్రాణం నాలో లేదు.

ఇప్పుడు పాప ఇల్లంతా పరిగెడుతోంది. నా గుండె కొంత కోలుకుంది. మాత్రలు రోజూ ఉండాల్సిందే, ఇంకో కాన్పు వద్దన్నారు. అత్త అమ్మతో మాట్లాడటానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ, "నీ జొరం ఎలాగుందే?" అని దెప్పుతుంది. దెప్పుతూనే నా మాత్రలు తీసి చేతిలో పెడుతుంది. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ ఎర్ర మందునీ తలుచుకుంటాను. అది లేకపోతే నేను లేను.

పిల్లలకి కీమో చేయించిన తల్లులకు ఒక్కమాట. ఏ జబ్బో, ఏ మందులిచ్చారో ఆస్పత్రిలో రాయించుకోండి. బిడ్డకి ఊహ తెలిశాక ఆ జబ్బు పేరు మీ నోటితోనే చెప్పండి. మీరు లేనిచోట డాక్టరు అడిగితే జవాబు చెప్పాల్సింది తనే.