అడ్డపొగ మాన్పించిన నర్సమ్మ

మా ఫిషింగ్ హార్బర్‌లో ఆడవాళ్ళం చుట్టను తిప్పి తాగేవాళ్ళం. వెలిగించిన కొస నోట్లోకి, రెండో కొస బయటికి. దాన్ని అడ్డపొగ అంటాం. చూసినవాళ్ళు జడుసుకుంటారు గాని, మాకు అదే వీలు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. చేపలు ఏరే తడి చేతులతో చుట్టను ముట్టుకోనక్కర్లేదు. పైగా ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. దుబారా నాకు పడదు కనుక ఆ చివరి సంగతి మరీ నచ్చింది.

కొన్నేళ్ళ కిందట కాస్త కారం తగిలినా అంగిలి భగ్గుమనడం మొదలైంది. కోడలు నోరు తెరిపించి చూసి, పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన టార్చి వేసి చూశాడు. అంగిట్లో తెల్లమచ్చ ఉందనీ, చుట్ట మానకపోతే క్యాన్సరుకు దారి తీయొచ్చనీ చెప్పి, పొగ మాన్పించే గదికి పంపాడు.

అక్కడ బెంచీ నిండా మగవాళ్ళే. ఒకడు నవ్వాడు.

"ఏటి మామ్మా, తాతని తీసుకొచ్చినావా?"

"తాత బీడీ కూడా ముట్టడు. తాగేది నానే. జరుగు!"

లోపల నర్సమ్మ గోదావరి వైపు పిల్ల. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఎప్పుడెప్పుడు నోరు చుట్టను అడుగుతుందో అడిగి, ఓపిగ్గా విని, నమలడానికి బంకలా సాగే మందు బిళ్ళలు ఇచ్చింది. నేను వాటిని కిళ్ళీలా నమిలి రసం మింగాను. ఒకటే ఎక్కిళ్ళు, కడుపులో తిప్పు. నమిలినదాన్ని పారేయడానికి మనసొప్పక సాయంత్రానికి పనికొస్తుందని గంప అంచుకు అంటించాను. అది చెబితే నర్సమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

"అందులో ఇంకేం మిగలదు మామ్మగారూ! కాస్త నమిలి, ఘాటు తగలగానే ఆపేయండి. చుట్టను నోట్లో కదలకుండా పట్టేవారు కదా, అలాగే దీన్ని బుగ్గన పెట్టి ఉంచండి."

అలా చెబితే ఇట్టే పట్టుబడింది. చేపల వేలంపాట దగ్గర మాత్రం తోటివాళ్ళు ఊరుకోలేదు.

"ఓలమ్మో, ముసిల్ది నెమరేత్తన్నాది సూడండే!"

"నెమరేత్తే ఏటి? నీలాగ నోట్లో పొయ్యెట్టుకోలేదు గదే!"

అంతా బాగుందనుకునేసరికి వాయుగుండం పట్టింది. కొడుకు ఎక్కిన బోటు రావలసిన రోజుకు రాలేదు. జెట్టీ మీద పక్కామె చుట్ట అందుకుని, తిప్పి నోట్లో పెట్టుకున్నాను. బోటు క్షేమంగా వచ్చింది గాని, నేను మళ్ళీ చుట్టకు దొరికిపోయాను. ఏ మొహంతో ఆ గదికి వెళ్ళను? వెళ్ళడమే మానేశాను.

ఒక ఆదివారం నర్సమ్మే చేపలకని వచ్చి నా గంప ముందు నిలబడింది.

"కనబడడం లేదేం మామ్మగారూ?"

"కొడుకు బోటు రాలేదని తాగేసినాను తల్లీ. అయిపోనాది నా పని."

"అబ్బాయి వచ్చాడా?"

"వచ్చినాడు."

"ఇంకేం మరి! రేపు రండి. మళ్ళీ బోటు రాకపోతే ఏం చేయాలో ముందే అనుకుందాం."

జన్మలో ఎవరికీ ఊరికే చేపనిచ్చినదాన్ని కాదు. ఆ రోజు మంచి చందువా తీసి ఆమె సంచిలో వేశాను. డబ్బు ఇవ్వబోతే కసిరాను.

మర్నాడు వెళ్ళాను. ఆ తర్వాత ఏ గాలివాన పట్టినా జెట్టీకి కోడలిని వెంటబెట్టుకునే పోయాను. పక్కవాళ్ళు చుట్ట చాపితే ఆమె అడ్డం నిలబడేది. అది నర్సమ్మ ఏర్పాటే.

ఏడాది తిరిగాక డాక్టరు నా నోట్లో టార్చి వేసి చాలాసేపు వెతికాడు. కోడలు నా చెయ్యి పట్టుకునే ఉంది. మచ్చ దాదాపు పోయిందని ఆయన అనగానే నేను నోరు మూయడం కూడా మరిచి, పక్క గదిలోకి అలాగే పరిగెత్తాను, ముందు నర్సమ్మకు చూపించాలని.