కళ్ళు తెరిచిన ఫాదర్లు

రేపల్లెలో ఫోటో స్టూడియో నడిపే ముత్యాలరావుకి మూసిన కళ్ళంటే హడలు. కిందటేడు జంపనిలో ఒక పెళ్ళికి ఫోటోలు తీశాడు. తాళి కట్టే ఫోటోలో పెళ్ళికొడుకు కళ్ళు మూతపడ్డాయి. ఏ గ్రహం పట్టిందో, ఆల్బంలో దాన్నే పెద్దది చేసి అతికించాడు. నిద్రలో తాళి కట్టిన మొగుడని ఊరూరా నవ్వుకున్నారు. పెళ్ళికొడుకు సంగతి దేవుడెరుగు, ముత్యాలరావుకి మాత్రం మళ్ళీ ఒక్క పెళ్ళి తగల్లేదు. భార్య దుర్గ చేపల గంప నెత్తినెత్తుకుని ఇల్లు నడుపుతుంటే, అయ్యగారు స్టూడియోలో ఈగలు తోలుకుంటున్నారు.

అలాంటి రోజుల్లో రేపల్లె ఫాదర్ లూకా గారు కబురు పెట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లె గుళ్ళలోని ఫాదర్లు రోజూ ప్రార్థన చేసుకునే ఫోటోలతో క్యాలెండరు వెయ్యాలట. అడుగున ముత్యాలరావు పేరు కూడా వేస్తారట. ఆ పేరు ఇంటింటి గోడా ఎక్కితే పెళ్ళిళ్ళు మళ్ళీ రాకపోతాయా అని అతనికి కొండంత ఆశ పుట్టింది.

తెనాలిలో ఫాదర్ జపమాల పట్టుకుని కూర్చోగానే ముత్యాలరావులోని పెళ్ళి ఫోటోగ్రాఫరు నిద్ర లేచాడు.

"సార్, గడ్డం కాస్త పైకండి. ఏదీ, చిన్న నవ్వు..."

"ప్రార్థనయ్యా ఇది. పెళ్ళిచూపులనుకున్నావా?"

బాపట్ల ఫాదర్ని అయితే లేచిన మనిషిని మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. "ఆ దండం ఇంకొక్కసారి పెట్టండి సార్, దేవుడు ఫ్రేములోకి రాలేదు" అన్నాడు. చివరికి లూకా గారు తన బంగళాలో సాయంత్రం ప్రార్థన చేసుకుంటుంటే అదీ తీసుకున్నాడు.

ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోలు ఏరడం మొదలెట్టాడు. జంపని దెబ్బతో అతని వేలికి ఒక రోగం పట్టుకుంది. కళ్ళు మూసిన మొహం కనిపిస్తే చాలు, చెరిపేస్తుంది. చెరిపాడు, చెరుపుతూనే పోయాడు. పని శుభ్రంగా ఉండాలని కెమెరాలో కార్డు కూడా తుడిచి పెట్టాడు. గంప దించి వచ్చిన దుర్గ వెనక నుంచి తొంగి చూసింది.

"ఏంటయ్యా, వీళ్ళంతా కళ్ళు తెరుచుకునే జపం చేస్తారా?"

ముత్యాలరావు పై ప్రాణాలు పైనే పోయాయి. మిగిలినవి చూడబోతే, తెనాలి ఫాదర్ జపమాల తిప్పుతూ గోడ మీది బల్లిని చూస్తున్నారు. బాపట్ల ఫాదర్ చేతులు జోడించి గడియారం చూస్తున్నారు. లూకా గారిది మరీ అన్యాయం. ఒక కన్ను భక్తిగా మూసి, రెండో కన్ను రొయ్యలు వేగుతున్న వంటింటి వైపు తిప్పారు. ముక్కు కూడా అటే ఉంది.

మళ్ళీ తీద్దామంటే మిగతా ఇద్దరూ ఫోన్లు కట్టేసి ధ్యానానికి వెళ్ళిపోయారు. తెల్లారితే క్యాలెండరు ప్రెస్సుకి వెళ్ళాలి. చెప్పాపెట్టకుండా చుండూరులో అక్క ఇంటికి పారిపోదామనుకున్నాడు ముత్యాలరావు. దుర్గ పోనిస్తేనా!

"కుళ్ళిన చేపని గంపలో దాస్తే వాసన ఆగుద్దా? పోయి చెప్పు."

వెళ్ళి చెప్పాడు. లూకా గారు ఫోటోలన్నీ తిరగేసి తనదాని దగ్గర ఆగారు.

"ఇన్నేళ్ళ నుంచి ఫాదర్నయ్యా. ఒక్కళ్ళూ పట్టుకోలేకపోయారు నన్ను" అన్నారాయన.

"తప్పయిపోయిందండి."

"నీదేముంది, రొయ్యలది. జనవరికి నాదే వెయ్యి. నాది ముందుంటే మిగతా ఇద్దరూ నోరెత్తరు. వాళ్ళకి నేను చెప్పుకుంటాలే."

క్యాలెండరు వచ్చిన ఆదివారం గుడి నిండిపోయింది. ముత్యాలరావు బెరుగ్గా వెళ్ళి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లూకా గారు ప్రార్థిద్దామని కళ్ళు మూసుకున్నారు. గుడిలో మాత్రం ఒక్కరూ మూసుకోలేదు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరూ మెడలు చాచి ఆయన కళ్ళకేసే చూస్తున్నారు. ఎవరూ గొంతు కలపడం లేదేంటా అని ఆయన ఒక కన్ను మెల్లగా తెరిచారు.

గుడి గొల్లుమంది. ఆయనా ఆపుకోలేక నవ్వేశారు. నవ్వు సద్దుమణిగాక మైకు దగ్గరికి జరిగారు.

"ఇదంతా చేసింది అదుగో, ఆ వెనక నిలబడ్డ ముత్యాలరావు. మీ పిల్లల పెళ్ళిళ్ళకి ఇతన్నే పిలుచుకోండి. చచ్చినా కళ్ళు మూయనివ్వడు."