వెనక సీటు నుంచి వచ్చిన ఫిర్యాదు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది నన్ను కర్నూలు నుంచి కడప మోటార్‌సైకిల్ షోరూముకు సర్వీస్ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. మెకానిక్ విప్పి బిగిస్తాడు. కస్టమరు చెప్పింది విని, పని అయ్యాక బండి నడిపి చూసి సంతకం పెట్టేది సూపర్‌వైజరు.

వేసవి మొదట్లో ఒక పొద్దున ఓబులేసు, ఆయన భార్య సరోజమ్మ వచ్చారు. జమ్మలమడుగు దగ్గర మగ్గాలున్న కుటుంబం. నేసిన చీరలు మూటగట్టి కడప అంగళ్లకు తెస్తారు. కొత్త బండి మీద ఆయన, బస్సులో ఆమె వేరువేరుగా వచ్చారు. స్పీడ్ బ్రేకరు దాటిన ప్రతిసారీ వెనక సీటు ఆమెను పైకి విసిరేస్తోందట, నడుము పట్టేసిందట. అంగళ్లలో బేరం మాట్లాడేది ఆమే. ఈసారీ బాగుపడకపోతే బండి అమ్మేయాల్సిందేనని తేల్చేసింది. ముచ్చటపడి కొన్న బండి కదా, ఓబులేసు దిగాలుగా నిలబడ్డాడు.

వాళ్ల ఊళ్లో మెకానిక్ అప్పటికే వెనక స్ప్రింగు బిగించి, ఒక్కడే నడిపి చూసి బాగుందన్నాడట. నేను ఓబులేసును బండి నడపమని వెనక కూర్చున్నాను. వీధి మలుపులో స్పీడ్ బ్రేకరు రాగానే సీటు వదిలి గాల్లోకి లేచి, ఆయన భుజాలు పట్టుకున్నాను. గేటు దగ్గర్నుంచి చూస్తున్న సరోజమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇప్పుడు తెలిసిందా సారూ? నేను చెప్తే ఈయప్ప నమ్మల్యా" అంది.

ఇద్దరు మనుషులు, పైన మూట. ఆ బరువుకు స్ప్రింగు బిగించడం సరైనదే. కానీ బిగించిన స్ప్రింగు నొక్కుకుని వదిలినప్పుడు మరింత బలంగా తంతుంది. ఆ తన్నును షాక్ అబ్జార్బరు లోపలి ఆయిల్ నెమ్మది చెయ్యాలి. దాన్నే డ్యాంపింగ్ అంటాం. ఆ బండికి దాన్ని పెంచే చిన్న స్క్రూ షాక్ అడుగున ఉంది. దాని మీది దుమ్ము చూస్తే ఎవరూ ముట్టుకోలేదని తెలుస్తోంది.

స్క్రూ కాస్త ఎక్కువే తిప్పి మళ్లీ వెనక కూర్చున్నాను. తన్ను పోయింది. అయితే రైలు గేటు దగ్గరి వరుస గతుకుల్లో సీటు కిందికి దిగి లేవలేకపోయింది, ప్రతి గతుకూ నా నడుముకే తగిలింది. డ్యాంపింగ్ మించిపోతే జరిగేది ఇదే. కొంచెం వదులు చేసి ఇంకోసారి వెళ్లొచ్చాం. ఈసారి సీటు ఒక్కసారి దిగి, మెల్లగా లేచి నిలిచింది.

తర్వాత సరోజమ్మను మూటతో సహా కూర్చోబెట్టి అదే దారిలో పంపాను. వచ్చాక ఆమె బండి దిగలేదు.

"స్పీడ్ బ్రేకరు యాడుండాదో తెలీనేల్యా సారూ" అని నాతో చెప్పి, భర్తతో "ఎండ ముదరకముందే అంగడికి పోదాం పా" అంది. ఓబులేసు నా చెయ్యి పట్టుకుని ఊపి, గేరు వేశాడు.

స్ప్రింగు బిగించినప్పుడు డ్యాంపింగూ చూడాలన్నది మాన్యువల్లోనే ఉంటుంది. ఫిర్యాదు ఏ సీటు నుంచి వస్తే ఆ సీట్లో కూర్చునే పరీక్షించాలన్నది మాత్రం నేను ఆ రోజు నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అట్లాగే చేశాను.