నర్సమ్మ ఊడ్చిన హాలు

ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. సినిమా హాల్లో ఏళ్ల తరబడి ఆపరేటర్‌గా పనిచేశాను. తెర మీద జనాన్ని వణికించిన దెయ్యాన్ని ఆట అవగానే రీలు చుట్టి డబ్బాలో పెట్టేవాణ్ణి. అలాంటివాడికి భయమెక్కడిది? ఇప్పుడు రాస్తున్నది కూడా భయం గురించి కాదు. ఆ రోజులు తలుచుకుంటే నాకు కలిగేది రోత.

డెబ్బైల తొలి సంవత్సరాల్లో మా హాలు హఫీజ్‌పేట రైల్వే స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో ఉండేది. రేకుల కప్పు, సిమెంటు నేల. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, ఊళ్లవాళ్లు వచ్చేవారు. ఓనరును అందరం పెద్ద సారు అనేవాళ్లం. ఆయన పోయాక కొడుకు చిన్న సారు ఇంగ్లండ్ నుంచి వచ్చాడు.

వచ్చిన వారానికే నన్ను పిలిచాడు. "అక్కడ పాత సినిమా హాళ్లన్నీ బింగో హాళ్లు చేస్తున్నరు. టీవీలొచ్చినంక సినిమా ఎవడు చూస్తడు? మనం గిక్కడ గదే ఆట, హౌసీ పెడ్దాం. పైసలిచ్చి టికెట్ కొంటరు, పిలిచిన నంబర్లు దాంట్ల కొట్టేసుకుంటరు. నంబర్లు నువ్వే చెప్పాలె" అన్నాడు. మా ఊళ్లో అప్పటికి ఒక్క ఇంట్లో కూడా టీవీ లేదు. అయినా సరేనన్నాను.

ప్రొజెక్టర్లు అమ్మేశారు. తెర గుడ్డని కోసి బల్లల మీద పరిచారు. రెండు నెలలు తిరక్కుండానే దాని మీద మిరపకాయ బజ్జీల నూనె, చాయ్ మరకలు, సిగరెట్ కాల్చిన చిల్లులు. గోడల మూలల్లో పాన్ ఉమ్ములు గడ్డకట్టాయి. ఆట మధ్యలో లేచి బయటికి వెళ్లడం బద్ధకమై కొందరు పక్క తలుపు చాటునే మూత్రానికి నిలబడేవారు. ఆ కంపు నా చొక్కాకి పట్టి ఇంటిదాకా వచ్చేది.

ఇదంతా ఊడ్చే మనిషి లేక కాదు. ఉన్న మనిషిని తరిమేశారు.

నర్సమ్మ ఆ హాలు కట్టిన రోజు నుంచి అక్కడ ఊడ్చింది. టికెట్లిచ్చే గది పక్కన చిన్న కొట్టులో ఉండేది. ఆటకీ ఆటకీ మధ్య, జనం కూర్చుని ఉండగానే, వెనక వరస నుంచి ముందుకు ఊడ్చుకుంటూ వచ్చేది. "కాళ్లు లేపుండ్రి బిడ్డా, కాళ్లు లేపుండ్రి" అనేది. పెద్ద సారు కూర్చున్నా అదే మాట. ఆయన కూడా లేపేవాడు.

చిన్న సారు ఆమెను కొట్టు ఖాళీ చెయ్యమన్నాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె నా వైపు తిరిగి, "జర నువ్వన్న చెప్పు బిడ్డా, ఇన్నేండ్లు నేనెట్ల చేసిన్నో" అంది.

"నా చేతిల ఏముందవ్వా" అన్నాను. నా ఉద్యోగం నాకు కావాలి. ఆమె గిన్నెలు మూటకట్టుకుని నిజాంపేటలో ఉన్న చెల్లెలి కూతురింటికి వెళ్లిపోయింది.

మరో మూడు నెలలకి, ఒక ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండా జనం. ఇదివరకు తెర ఉన్న చోట అరుగు మీద నిలబడి నేను నంబర్లు పిలుస్తున్నాను. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, బాగా వెలుతురుంది.

ముందు వెనక వరస కదిలింది. అందులో ఉన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు జానెడు ఎత్తున కాళ్లు లేపారు. కాసేపు అలాగే ఉంచి దించారు. తర్వాత దాని ముందు వరస. ఆ తర్వాతది. ఒక్కరూ కిందికి చూడలేదు. అందరి కళ్లూ చేతిలో ఉన్న టికెట్ల మీదే. నేను నంబరు తీసి పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"నంబర్ చెప్పవేందయ్యా!" అని ఎవరో అరిచారు.

చెప్పాను. ఆ కదలిక మొదటి వరసదాకా వచ్చి ఆగిపోయింది.

ఆట అయ్యాక మొదటి వరసలో కూర్చున్న ఫ్యాక్టరీ మనిషిని అడిగాను. "కాళ్లెందుకు లేపినవన్నా?"

"నేనెందుకు లేపుతా? నిద్రపోయినవా ఏంది?" అని నవ్వాడు.

జనం వెళ్లాక దిగి చూశాను. కుర్చీల కింద ఒక్క కాగితం ముక్క లేదు. నెలల నాటి పాన్ మరకలు కూడా పోయి సిమెంటు తెల్లగా కనిపించింది. నేను నిలబడిన అరుగు, దాని ముందు రెండు మూరల నేల మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. వక్కపలుకులు, ఉమ్ములు, నలిపేసిన టికెట్లు. చిన్న సారు వచ్చి చూసి, "ఎవరితోని ఊడ్పించినవ్?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే అరుగు మూలలో ఉమ్మి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సైకిల్ మీద నిజాంపేట వెళ్లాను. నర్సమ్మ నులక మంచం మీద పడి ఉంది. చెల్లెలి కూతురు గుమ్మంలోనే చెప్పింది. "నెల దాటిందన్నా, మంచం దిగలే. నిన్నటిసంది రెక్కలు నొస్తున్నయని ఒకటే మూలుగుతుంది."

నేను మంచం పక్కన కూర్చున్నాను. ఇంకా ఏమీ అడగలేదు. నన్ను పోల్చుకోవడానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది.

"అంత ఊడ్చిన బిడ్డా" అంది. "నువ్వు నిలబడ్డ కాడ మాత్రం ఊడ్వబుద్ధి గాలే. కడుపుల తిప్పింది."

కోపంగా అనలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పినంత మామూలుగా అంది. చెల్లెలి కూతురు, జ్వరంలో ఏదో అంటోందిలే అన్నట్టు నా వైపు చూసింది. పది రోజులకి నర్సమ్మ పోయింది.

ఆ రోజే ఉద్యోగం మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు. ఇంకో ఏడాది అక్కడే నంబర్లు పిలిచాను. రోజూ అందరికంటే ముందు వెళ్లి ఆ అరుగు నేనే కడుక్కునేవాణ్ణి. ఎంత కడిగినా దాని మీద కాలు పెట్టేటప్పుడు ఒళ్లు జలదరించేది.

మంచం దిగలేని మనిషి అంత పెద్ద హాలు ఎలా ఊడ్చిందో, ఊడవకుండా వదిలేసిన చోటు ఆమెకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఎన్నో రకాలుగా ఆలోచించాను. ఏ ఒక్కటీ నాకే నమ్మబుద్ధి కాలేదు.